వర్లి నత్తకు మామ రాసిన రంగులు

నేను చదివిన కాలేజీలో జంతుశాస్త్రం ల్యాబు గోడకు ఆనించి ఒక అద్దాల బీరువా ఉంది. దాని రెండో అరలో పీతల సీసాకూ సముద్రపు గుర్రం సీసాకూ మధ్య చిన్న సీసా ఒకటి. అందులో ఉడికిన వెల్లుల్లి రెబ్బలా తెల్లగా కనిపించేది ఒకప్పుడు పెంకు లేని సముద్రపు నత్త. సీసా చీటీ మీద మూడు సంగతులు ఉండేవి: జంతువు పేరు, దొరికిన చోటు, కనుగొన్నవాడి పేరు. ఆ మూడింటిలో చోటు ఒక్కటే నిజం. మిగతా రెండూ అబద్ధాలు. వాటిని ఇరవై ఏళ్ల వయసులో, నల్ల ఇంకుతో, చాలా శ్రద్ధగా నేనే రాశాను.

నత్తను కనుగొన్నది మా మామ, అమ్మకు తమ్ముడు. గోడలకు రంగులు వేయడం ఆయన పని. ఇది ఎనభైల మధ్య మాట. మేము బొంబాయి కామాటిపురలో, వరండా పొడుగునా ఒంటిగది ఇళ్లుండే ఒక చాల్ రెండో అంతస్తులో ఉండేవాళ్లం. అదే వరండాలో నాలుగు గదుల అవతల మామ ఖోలి. మా ముత్తాతలు పాలమూరు వైపు నుంచి వచ్చి ఈ ఊళ్లో ఇళ్లు కట్టిన కూలీలు. "వాళ్లు కట్టిండ్రు, నేను పూస్తున్న, గంతే తేడా" అనేవాడు మామ.

మామకు రంగుల పేర్లు తెలియవు, చిరునామాలు తెలుసు. అమ్మ కొత్త చీర కట్టుకుంటే "ఫాక్‌లాండ్ రోడ్ ఇరానీ హోటల్ లోపలి గోడ" అనేవాడు. నా చొక్కా చూసి "నాగ్‌పాడా దవాఖానా మెట్లు, రెండో కోటు వేయకముందు" అనేవాడు. తను వేసిన ప్రతి గోడా ఆయన తలలో ఒక చుక్కగా ఉండిపోయింది. కొత్త పని దొరికితే ముందు ఒక అట్ట ముక్క మీద చుక్కలు పెట్టి, ఒక్కోదాని పక్కన ఏది ఎంత కలపాలో పెన్సిల్‌తో రాసుకునేవాడు. ఇంటివాళ్లు అట్ట చూసి సరే అన్నాకే బ్రష్ ముట్టేవాడు.

నేను బీఎస్సీ చివరి ఏడాదిలో ఉన్నాను. ప్రతి విద్యార్థీ సముద్రపు ఒడ్డు నుంచి ఒక ప్రాణిని తెచ్చి, దాని ఆకారం, రంగులు వర్ణించి, అది ఏ జాతిదో తేల్చాలి. అందరిలో బాగున్నది ఆ బీరువాలోకి ఎక్కుతుంది. మా సార్ ఒకటికి పదిసార్లు చెప్పారు: రంగులు బతికుండగానే రాసుకోండి, ప్రాణి కుళ్లకుండా సీసాలో పోసే మందు ముందు రంగుల్నే తింటుంది. నేను రెండుసార్లు వర్లి రాళ్ల దగ్గరికి వెళ్లి, ప్రతి పిల్లాడికీ దొరికే పీతలే పట్టుకొచ్చాను. వారం రోజులు ఇంట్లో ఇదే సణుగుడు. మామ వింటూ బీడీ కాల్చుకునేవాడు.

అమావాస్య దాటాక వచ్చిన ఆదివారం పొద్దున నేను నిద్ర లేచేసరికి మామ మా గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ప్యాంటు మోకాళ్ల దాకా తడిసింది. చేతిలో డాల్డా డబ్బా. వారానికి ఆయనకు ఉన్న ఒకే ఒక సెలవు అది.

"అల్లుడా, లెవ్వు. నీ పరీక్ష వచ్చింది డబ్బాల."

"ఎక్కడికి పోయినవు మామా?"

"వర్లి. మొన్న అక్కడ చేపలు పట్టే కోలీ ముసలాయనను అడిగిన, నీళ్లు ఎప్పుడు బాగా ఎనక్కి పోతయని. ఆదివారం తెల్లారంగ అన్నడు. ఇరవై రాళ్లు లేపిన. ఇరవై ఒకటో రాయి కింద ఎవరో రంగు ఒలకపోసినట్టు ఉండె. ఎవడు పోసిండ్రా అని ముట్టుకుంటే కదిలింది."

బస్సులో కండక్టర్ డబ్బా మూత తీయమన్నాడట. గ్యాసు నూనె అనుకున్నాడట. లోపలికి చూసి, మామ ముఖం చూసి, మళ్లీ లోపలికి చూసి, "ఇది తింటారా?" అని మరాఠీలో అడిగాడట. "మా అల్లుడు చదువుతడు" అన్నాడట మామ. బస్సులో అందరూ డబ్బాలోకి తొంగి చూశారని, దిగేటప్పుడు ఒక ముసలావిడ జాగ్రత్త అని కూడా చెప్పిందని మామ వర్ణించాడు. కొంత కల్పించి ఉంటాడు. ఆయన పనిలో రెండో కోటు ఎప్పుడూ ఉండేది.

స్టీలు పళ్లెంలోకి వంచితే అది మెల్లగా సాగింది. చిటికెన వేలంత పొడవు. పాలలో నీలిమందు కలిసినట్టున్న ఒళ్లు. దాని మీద పసుపు చుక్కలు, ముదురు నీలం చుక్కలు. తల మీద రెండు చిన్న కొమ్ములు, వాటి కొసలు ఎర్రగా. వీపు వెనక భాగంలో పువ్వులా విచ్చుకున్న ఈకల గుత్తి, అవి దాని మొప్పలు. వేలు దగ్గరికి తీసుకుపోతే గుత్తి టక్కున లోపలికి పోయేది, కాసేపటికి అనుమానంగా బయటికి వచ్చేది. పావుగంటలో వరండా నిండిపోయింది. పళ్లెం ముందు వరస కట్టి ఒక్కొక్కరూ చూసి పోయారు. పక్క ఖోలి పెద్దమ్మ చాలాసేపు వంగి చూసి, "దీనికి ఇంత సింగారం ఎందుకే, నీళ్లల్ల ఎవరు చూస్తరని?" అంది.

నేను బొమ్మల కాగితం కొనడానికి నాగ్‌పాడా పరుగెత్తాను. మామ స్నానానికి పోయాడు. అప్పుడే నల్లా వచ్చింది. అమ్మ బిందెలు నింపుకుంటూ, పళ్లెంలో ఆ మసక నీళ్లు చూసి జాలిపడింది. వాటిని మోరీలో పారబోసి, పళ్లెం కడిగి, చల్లటి నల్లా నీళ్లు పోసింది.

నేను వచ్చేసరికి నత్త ముడుచుకుపోయి ఉంది. చుట్టూ జిగురు. కొమ్ములు లేవు, పువ్వు లేదు.

"ఏం చేసినవమ్మా?"

"ఏం చేసిన? మంచినీళ్లు పోసిన. మనం తాగేటియే."

మామ తువ్వాలతో తల తుడుచుకుంటూ వచ్చి పళ్లెం చూశాడు. "అక్కా, అది ఉప్పునీళ్ల మనిషి. నీ మంచినీళ్లు దానికి విషం."

"మరి చెప్పి పోవాలె గద. నాకేం ఎరుక? చుట్టమొస్తే మురికినీళ్లు ఇస్తమా?"

డాల్డా డబ్బా అడుగున రెండు గుక్కల సముద్రపు నీళ్లు మిగిలాయి. దాన్ని అందులోకి మార్చాం. కొంతసేపటికి ఒక కొమ్ము బయటికి వచ్చింది, తర్వాత రెండోది. పువ్వు సగమే విచ్చుకుంది.

"ఎంతసేపు ఉంటది?" అన్నాడు మామ.

"అరగంట ఉంటే ఎక్కువ."

"చాలు. ఒక దర్వాజా కంటే చిన్నదే గద."

ఆ అరగంట మామ పనిచేసిన తీరు నాకు ఇప్పటికీ కళ్ల ముందు ఉంది. ధోతీల డబ్బా అట్ట చింపి, కిటికీ కింద కూర్చుని, రంగుల మూటలు విప్పాడు. ఒక చుక్క పెడతాడు, ఊదుతాడు, అట్టను అమ్మ స్టవ్ పక్కన ఆరబెడతాడు. "తడి రంగు అబద్ధం చెప్తది, అల్లుడా. ఆరినంక చూడాలె." కానీ నత్త తడిగా ఉంటుంది, ఆరిన చుక్క దానితో ఎలా కలుస్తుంది? దానికీ ఉపాయం ఉంది. ఆరిన చుక్క మీద కొబ్బరి నూనె వేలితో రాసి, తడిపి చూసినట్టు చూసేవాడు. కుదరకపోతే కొట్టేసి మళ్లీ. నేను పక్కన కూర్చుని ఆయన చెప్పింది చెప్పినట్టు రాశాను.

"ఒళ్లు: దవాఖానా మెట్లు, ఇంక జర సున్నం. పసుపు చుక్క: వర్లి స్కూలు కిటికీలు. నీలి చుక్క: పోలీసు చౌకీ గేటు, పాతది. కొమ్ము: మన పెద్దమ్మ కుంకుమ, ఏక్‌దమ్ అదే."

మొప్పల దగ్గరికి వచ్చేసరికి అగ్గిపుల్ల కొసను నమిలి బ్రష్‌లా చేసుకున్నాడు. ఒక్కో ఈకను తెల్లగా గీసి, దాని అంచున సన్నటి ఎర్ర గీత లాగాడు.

"అక్కడ గీత ఉందా మామా? నాకు కనిపిస్తలేదు. లైబ్రరీ పుస్తకంల మొప్పల మీద పసుపు చుక్కలు ఉన్నయి."

"నువ్వు ముందు పుస్తకం చూసినవు, అందుకే కనిపిస్తలేదు. చుక్క లేదు. గీతే ఉంది. చూడు, మళ్ల లోపలికి పోతుంది."

చూశాను. ఉంది. ఒప్పుకున్నాను కూడా. కాసేపటికి పువ్వు లోపలికి పోయి, మళ్లీ రాలేదు. దాన్ని కాలేజీలో ఇచ్చిన మందు సీసాలో వేశాను. మర్నాటికి పసుపు పోయింది, మూడు రోజులకు నీలం. ఆ నత్త రంగులు ఇక ధోతీ డబ్బా అట్ట మీద తప్ప లోకంలో ఎక్కడా లేవు.

ఆ రోజు అన్నం తింటూ మామ అడిగాడు. "సీసా మీద ఎవరి పేరు ఉంటది?"

"కనుగొన్నవాళ్ల పేరు మామా."

"అంటే నాది రాస్తరా?"

"రాస్తరు. నేనే రాస్త."

మామ ముద్దను పళ్లెంలో పెట్టేశాడు. "ఇన్ని గోడలు పూసిన. గోడ మీద ఓనరు పేరుంటది, ఎలక్షన్లల్ల నిలవడ్డోని పేరుంటది. పూసినోని పేరు ఉండది. జర పెద్దగ రాయి."

నేను మాటిచ్చాను.

ఇప్పుడు నేను చేసింది చెప్పాలి. లైబ్రరీ పుస్తకంలో ఈ పోలికలున్న రెండు జాతులు ఉన్నాయి. ఒకదానికి మొప్పల మీద పసుపు చుక్కలు, దానికి నిండు పేజీ రంగుల బొమ్మ. రెండోదానికి ఎర్ర అంచులు, దానికి బొమ్మ లేదు, రెండు పంక్తుల వర్ణన మాత్రమే. మామ అట్టను కాలేజీకి ఇవ్వాల్సిన చార్టు మీదికి ఎక్కిస్తూ నేను ఆలోచించాను. ఒక పెయింటరు అట్ట ఒక వైపు, విదేశాల్లో అచ్చయిన బొమ్మ ఒక వైపు. ఒక్కో మొప్ప మీద రెండేసి పసుపు చుక్కలు పెట్టాను. చిరునామాలన్నీ తీసేసి 'నీలి బూడిద', 'నిమ్మపసుపు' అని మర్యాదగా రాశాను. అట్టను ట్రంకు పెట్టె అడుగున దాచాను.

సార్ చార్టును చాలాసేపు చూశారు. ఆ ఏడాది బీరువాకు ఇదే అన్నారు. తర్వాత అడిగారు: "ఎక్కడ దొరికింది? రంగులు ఎవరు చూసి రాశారు?"

నా వెనక ముగ్గురు స్నేహితులు నిలబడి ఉన్నారు. నేను పక్కనున్న బైకల్లా వైపు ఉంటానని వాళ్లకు చెప్పుకుని ఉన్నాను. ఒళ్లమ్ముకునే వీధులకు పేరుపడ్డ కామాటిపుర అంటే చాలు, కొందరి ముఖం మీద ఒక నవ్వు వస్తుంది. అక్కడ బిందెలు మోసే అమ్మలు, చదువుకునే పిల్లలు, రంగులు కలిపే మామలు ఉంటారని ఆ నవ్వుకు తెలియదు. మామ గురించి చెబితే పళ్లెం గురించి, నల్లా గురించి, గల్లీ గురించి చెప్పాలి. నిజానికి ఒక్క మాట చాలేది, "మా మామ" అని.

"వర్లిలో సార్. నేనే" అన్నాను.

ఇంటికి వచ్చాక మామ వరండాలోనే పట్టుకున్నాడు. "పేరు వేసిన్రా?"

"వేసిన్రు మామా."

ఆయన కిందికి దిగి జిలేబీ తెచ్చి అంతస్తు మొత్తం పంచాడు. అప్పటి నుంచి చాల్‌లో ఆయనకు కొత్త పిలుపు వచ్చింది. "ఏం సైంటిస్టు సాబ్, మా దర్వాజాకు జర రంగు వేస్తవా, లేక సముద్రంల డ్యూటీ ఉందా?" అనేవాళ్లు. మామ ఛాతీ విరుచుకుని నడిచేవాడు. సీసా చూపించమని నన్ను నాలుగైదుసార్లు అడిగాడు. పరీక్షలు అన్నాను, పర్మిషన్ కావాలన్నాను, సార్ సెలవులో ఉన్నారన్నాను. తర్వాత అడగడం మానేశాడు. మర్చిపోయాడనుకుని హాయిగా ఊపిరి పీల్చుకున్నాను.

తర్వాత నాకు ఒక మందుల కంపెనీలో ఉద్యోగం దొరికింది. సీసా మీద చీటీ, సీసాలో ఉన్న మందు ఒకటేనా అని చూసి సంతకం పెట్టడం నా పని. పాతికేళ్లకు పైగా అదే చేశాను. తప్పు చీటీ ఒక్కటి కూడా నా చేతి మీదుగా బయటికి పోలేదని కంపెనీలో నాకు మంచి పేరు. ఆ మాట విన్నప్పుడల్లా బీరువా రెండో అర గుర్తుకొచ్చేది.

నా మనస్సాక్షి నిద్ర లేచిందని రాస్తే బాగుంటుంది, కానీ లేచింది భయం. మామ మనవరాలికి అదే కాలేజీలో, అదే విభాగంలో సీటు వచ్చింది. "మొదటి రోజే తాత పేరు ఫోటో తీసుకొస్త" అని ఫోన్‌లో చెప్పింది. మామ అప్పటికి వర్లిలో కొడుకు దగ్గర ఉంటున్నాడు. డెబ్బై దాటాయి. నేను ఆ ఆదివారమే వెళ్లాను. మంచం పక్కన కూర్చుని, నేల చూస్తూ మొత్తం చెప్పాను.

మామ విని, "ఎరుకే" అన్నాడు.

"ఎప్పటి నుంచి?"

"నీ పరీక్షలు అయిన ఎండకాలం. సెలవులల్ల మీ కాలేజీకి సున్నం కొట్టే పని మా సేఠ్‌కే దొరికె. ఆ బీరువా జరిపింది ఎవరనుకున్నవు? ప్యూన్‌తోటి ఆ ఇంగ్లీషు చీటీ చదివిపిచ్చిన. నీ పేరు చదివిండు. మళ్ల చదువు అన్న. మళ్ల నీ పేరే చదివిండు."

"మరి అడగలేదేం మామా?"

"అడుగుదామనే ఇంటికొచ్చిన. నువ్వు అన్నం తింటున్నవు, మీ అమ్మ పక్కన కూసోని ఉంది. తిననీ, తర్వాత అడుగుదామనుకున్న. తర్వాత యాది మర్చిన. మళ్ల యాదికొస్తే కోపం వచ్చేది, మళ్ల మర్చిపోయేది. అయినా చాల్ మొత్తం జిలేబీ తినిపిచ్చిన. పేరు లేదని చెప్తే వాళ్లు వాపస్ ఇస్తరా?"

నేను నవ్వలేదు. ఆయనే నవ్వాడు, తర్వాత ముఖం మారింది.

"పేరు సంగతి పక్కకు పెట్టు. ఆ పసుపు చుక్కలు ఏందిరా?"

"ఏ చుక్కలు?"

"సీసా పక్కన నీ చార్టు పెట్టిండ్రు గద. మొప్పల మీద పసుపు. నేను పెట్టలే. గీత పెట్టిన. నీకు చూపిచ్చిన గూడ. అది చూసినంక, నా పేరు లేకపోవుడే మంచిదనిపిచ్చింది. తప్పు రంగు మీద నా పేరుంటే నా పరువు ఏం కావాలె?"

పేరు తీసుకున్నందుకు ఏమంటాడో అని ఏళ్ల తరబడి జవాబులు తయారు చేసుకున్నాను. ఈ ప్రశ్న వస్తుందని మాత్రం అనుకోలేదు. తప్పయింది మామా అన్నాను. "మార్పియ్యి. ముందు రంగు, తర్వాత పేరు" అన్నాడు.

కాలేజీలో ఇప్పుడు ఆ విభాగం చూసేది ఒక యువ లెక్చరర్, మరాఠీ అమ్మాయి. నేను ముందే ఉత్తరం రాసి అంతా ఒప్పుకున్నాను. మామను, మనవరాలిని వెంటబెట్టుకుని, ట్రంకు పెట్టెలోంచి తీసిన అట్టతో వెళ్లాను. నూనె మరకలు పడి ఉన్నా చుక్కలు చెక్కు చెదరలేదు. ఆవిడ అట్టను కిటికీ దగ్గరికి తీసుకుపోయి చూసి, కంప్యూటర్ తెరిచింది. వర్లి రాళ్ల మీద తమ విద్యార్థులు ఈమధ్య తీసిన ఫోటోలు. నీలి బూడిద ఒళ్లు, కుంకుమ కొమ్ములు, తెల్లటి మొప్పలకు ఎర్ర అంచు.

"గిదే" అన్నాడు మామ.

ఈ ఒడ్డున దొరికినవన్నీ ఇలాగే ఉన్నాయని, బీరువాలో ఉన్నది ఒక్కటే వేరే జాతి అని ఎందుకు రాసి ఉందో తనకు ఎప్పుడూ అర్థం కాలేదని ఆవిడ చెప్పింది. సరైన జాతి పేరు ఇన్‌ఫ్యుకాటా. లాటిన్‌లో దానికి రంగు పూసినది అని అర్థమట. మనవరాలు తెలుగులో చెప్పగానే మామ తల ఊపాడు. "ఆ పేరు పెట్టినోడు మన లైన్ల పనిచేసినోడే అయి ఉంటడు."

చార్టు మీద పసుపు చుక్కలను ఆయనే చెరిపాడు. ఎడమ చేత్తో కుడి మణికట్టు పట్టుకుని, తెల్ల రంగు అద్ది, అంచున ఎర్ర గీతలు లాగాడు. అవి నిటారుగా రాలేదు. "నత్త గూడ నిటారుగ ఉండది" అన్నాడు.

పాత చీటీ నా చేతిరాత కాబట్టి కొత్తది కూడా నన్నే రాయమంది ఆవిడ. జాతి: ఇన్‌ఫ్యుకాటా. చోటు: వర్లి. కనుగొన్నది, బతికుండగా రంగులు నమోదు చేసింది: అని రాసి మామ పేరు రాశాను, ఇంటిపేరుతో సహా, చీటీలో పట్టినంత పెద్దగా. దాని కింద ఆయన అప్పటి చిరునామా కూడా రాయమంది. కామాటిపుర అని రాశాను. నేను చదివి వినిపిస్తే మామ నమ్మలేదు. మనవరాలితో ఒకసారి, లెక్చరర్‌తో ఒకసారి చదివించుకున్నాడు. ఇంత అయ్యాక ఎవరైనా అంతే చేస్తారు.

ఇక్కడ ఆయన పేరు రాయడం లేదు. అది ఉండాల్సిన చోట ఉంది, కావలసినవాళ్లు వెళ్లి చూడవచ్చు. నా వంతు ఏమిటో మాత్రం రాస్తున్నాను: నేను కాగితం కొనుక్కొచ్చాను, ఆయన చెప్పింది రాసుకున్నాను, నత్తను మందులో వేశాను. అంతకుమించి ఆ సీసాలో నాది ఏమీ లేదు.

మనవరాలు ఫోటో తీసింది. మామ బీరువా ముందు నిలబడి సీసాను వేలితో చూపిస్తున్నాడు. వేలు సరిగ్గా పేరు మీదే పడింది, అక్షరం కూడా కనిపించదు. "తాతా, వేలు జర పక్కకు, ఇంకోటి తీస్త" అంది.

"అవసరం లేదు" అన్నాడు మామ. "ఆకలైతుంది, పదండి."

బయటికి వచ్చాక కాలేజీ ఎదురుగా ఉన్న హోటల్లో కూర్చున్నాం. మామ రెండు ప్లేట్లు తిన్నాడు. గోడల రంగు ఎవరు వేశారో గానీ పని తెలియనివాడని సర్వర్‌కు వినపడేలా చెప్పాడు.